ధ్రువాల చమురా, స్వచ్ఛ ఇంధనమా: ఎంచుకునే ముందు చూడాల్సిన లెక్కలు

ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన ఇంకా ఎవరి కంటా పడని చమురు 9,000 కోట్ల బ్యారెళ్ల దాకా ఉండొచ్చని అమెరికా భూగర్భ సర్వే సంస్థ 2008లో లెక్కగట్టింది. ప్రపంచంలో ఇంకా కనుగొనాల్సి ఉందనుకుంటున్న చమురులో అది 13 శాతం. ధ్రువ ప్రాంతంలో తవ్వాలన్న వాదన ఎప్పుడు లేచినా ముందుగా వినిపించేది ఈ అంకే. దాని పక్కన మరో అంకె పెట్టి చూడాలి. ప్రపంచం రోజుకు దాదాపు 10 కోట్ల బ్యారెళ్లు వాడుతోంది. భాగహారం చేస్తే 900 రోజులు, అంటే రెండున్నరేళ్ల సరుకు. అదీ ఖర్చు సంగతి పక్కనపెట్టి, ఉందనుకున్న ప్రతి బ్యారెలూ పైకి తీయగలిగితేనే. ఏ చమురు క్షేత్రాన్నైనా ఇలా భాగిస్తే చిన్నదిగానే కనిపిస్తుంది, నిజమే. కానీ ఇది ఒక్క క్షేత్రం కాదు, ఒక మహాసముద్రం చుట్టూ దొరకొచ్చనుకున్న మొత్తం.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ధ్రువ ప్రాంతంలో కొత్త చమురు తవ్వకం వద్దు. ప్రమాదం పెద్దదని మాత్రమే కాదు, డబ్బు ఎక్కువని మాత్రమే కాదు. అన్నిటికంటే ముఖ్యంగా అది సమయానికి అందదు. ఈ ఒక్క మాట నిలబడుతుందో లేదో చూడడానికే కింది పోలికంతా.

పోటీ ఎవరెవరి మధ్య

చాలా పోలికలు ఇక్కడే దారి తప్పుతాయి. ఒక పక్క చమురు బావిని, ఇంకో పక్క సోలార్ ప్యానెల్‌ను పెట్టి ఏది చవక అని అడుగుతారు. ప్రపంచంలో తయారయ్యే కరెంటులో చమురుతో వచ్చేది మూడు శాతం లోపే. సౌర విద్యుత్తు పెరిగితే తగ్గేది ముఖ్యంగా బొగ్గు, గ్యాస్. చమురు వాడకం దానంతట అది తగ్గదు. చమురులో సగానికి దగ్గరగా రోడ్డు మీద తిరిగే బండ్లకే పోతుంది. మిగిలినది విమానాలకు, ఓడలకు, ప్లాస్టిక్, రసాయన పరిశ్రమలకు, ఇళ్లు వేడి చేసుకోవడానికి పోతుంది.

కాబట్టి ఆర్కిటిక్ చమురుకు అసలు పోటీ సోలార్ ప్యానెల్ ఒక్కటే కాదు. ఆ ప్యానెల్ నుంచో గాలిమర నుంచో ఛార్జ్ అయ్యే కారు, బస్సు, లారీ. ఈ జంటను కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది, అప్పుడు చాలామంది గమనించని ఒక సంగతి కూడా బయటపడుతుంది. పెట్రోలు కారులో పోసిన ఇంధన శక్తిలో చక్రాల దాకా చేరేది పావువంతుకు అటూ ఇటూ. మిగతాదంతా వేడిగా పోతుంది. విద్యుత్ కారులో నాలుగింట మూడొంతులకు పైగా చక్రాలకు చేరుతుంది. అంటే చమురులో ఉన్న శక్తి మొత్తానికి సమానమైన కరెంటు పుట్టించాల్సిన అవసరమే లేదు. అందులో చిన్న భాగం చాలు.

ఎప్పుడు చేతికొస్తుంది

నార్వే ఉత్తరాన బారెంట్స్ సముద్రంలోని యోహాన్ కాస్ట్‌బర్గ్ క్షేత్రాన్ని 2011లో కనుగొన్నారు. మొదటి చమురు 2025లో వచ్చింది. అదే సముద్రంలో గోలియాత్ 2000లో బయటపడింది, ఉత్పత్తి 2016లో మొదలైంది. రష్యాలోని పెచోరా సముద్రంలో ప్రిరజ్లోమ్నోయే క్షేత్రాన్ని 1989లో గుర్తిస్తే 2013 డిసెంబర్‌లో గానీ చమురు పైకి రాలేదు. అలాస్కాలోని విల్లో ప్రాజెక్టుకు అమెరికా ప్రభుత్వం 2023 మార్చిలో అనుమతిచ్చింది. చమురు 2029లో వస్తుందని కంపెనీ అంచనా, ఆ తర్వాత 30 ఏళ్లు తీస్తారు.

ఇంత ఆలస్యం అక్కడ వింత కాదు. ధ్రువ ప్రాంతంలో పని చేసే రోజులు తక్కువ, రోడ్లు లేవు, రేవులు లేవు, ప్రతి ఇనుప ముక్కా దూరం నుంచి రావాలి. పదేళ్లు పట్టడం అక్కడ మామూలు, ఇరవై పట్టినా ఆశ్చర్యం లేదు. ఇవాళ కొత్తగా వెతకడం మొదలుపెడితే చమురు 2040 ప్రాంతంలో వస్తుంది, విల్లోలా ముప్పై ఏళ్లు తీయాలంటే 2060 దాటి అమ్మాలి. ఆర్కిటిక్‌ను ఎంచుకోవడమంటే ఇప్పటి అవసరం తీర్చుకోవడం కాదు, 2060లోనూ ప్రపంచం ఇంతే చమురు కొంటుందని పందెం కాయడం.

ఆ పందెం ఎటు పోతోందో రోడ్డు మీదే కనిపిస్తోంది. 2024లో ప్రపంచవ్యాప్తంగా 1.7 కోట్లకు పైగా విద్యుత్ కార్లు అమ్ముడయ్యాయి (ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే హైబ్రిడ్లతో కలిపి). కొత్తగా అమ్మిన ప్రతి ఐదు కార్లలో ఒకటి. కాస్ట్‌బర్గ్‌ను తవ్వుతున్న నార్వేలోనే 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం పూర్తి విద్యుత్ కార్లు. అక్కడ తీసే చమురులో అత్యధిక భాగం ఎగుమతికే పోతుంది. తన ప్రజలు కొనడం మానేస్తున్న సరుకును ఇతర దేశాలు ఇంకో ముప్పై ఏళ్లు కొంటాయని ఆ దేశం నమ్ముతోంది.

స్వచ్ఛ ఇంధనం వైపు గడియారం వేరు. స్థలం, గ్రిడ్ కనెక్షన్ సిద్ధంగా ఉంటే పెద్ద సోలార్ ప్లాంటును ఏడాది, రెండేళ్లలో నిలబెట్టొచ్చు. గాలిమరలకు అనుమతులతో కలిపి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. సగం కట్టినా ఆ సగం నుంచి కరెంటు వస్తుంది. సగం కట్టిన చమురు వేదిక నుంచి ఏమీ రాదు. లెక్క తప్పితే సోలార్‌లో దిద్దుకోవడానికి వీలుంటుంది, ఆర్కిటిక్‌లో ఉండదు.

దీనికి గట్టి ఎదురు వాదన ఒకటి ఉంది. ఇప్పుడున్న చమురు క్షేత్రాలు ఏటికేడు తగ్గిపోతాయి, పెట్టుబడి ఆపేస్తే ఇంకా వేగంగా పడిపోతాయి. వాడకం తగ్గకముందే సరఫరా తగ్గితే ధరలు మండిపోతాయి, పేద దేశాలు ముందు నలిగిపోతాయి. ఇది నిజమైన భయమే. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2021లో ఇచ్చిన నెట్ జీరో (కర్బన ఉద్గారాలను నికరంగా సున్నాకు తేవడం) నివేదిక కూడా వాడకం వేగంగా తగ్గే దారిలో మాత్రమే కొత్త క్షేత్రాలు అక్కర్లేదని చెప్పింది, బేషరతుగా కాదు. అయితే ఈ భయానికి మందు ఆర్కిటిక్ కాదు. లోటు వచ్చేది వచ్చే పదేళ్లలో అయితే, పదిహేనేళ్లకు వచ్చే చమురు దాన్ని తీర్చదు. లోటు రాకపోతే ఆ చమురు అవసరమే పడదు. వాడకం అనుకున్నంత తగ్గకపోయినా, ఇప్పటికే నడుస్తున్న చోట్ల, గల్ఫ్ దేశాల నేల మీది బావుల్లాంటి చోట్ల, ఇంతకంటే చాలా తక్కువ ఖర్చుతో తీయొచ్చు. వరసలో ఆర్కిటిక్ చివర నిలబడుతుంది.

ఆర్కిటిక్ అంతా ఒకటి కాదు

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే తవ్వకాన్ని వ్యతిరేకించేవాళ్లు, నాలాంటివాళ్లు, అన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు.

బారెంట్స్ సముద్రపు నైరుతి భాగం ఉత్తరాన ఉన్నా చలికాలంలోనూ గడ్డకట్టదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని ప్రవాహం దాన్ని కాపాడుతుంది. కాస్ట్‌బర్గ్ అక్కడే ఉంది. మొదట బ్యారెల్‌కు 80 డాలర్లు పైన ఉంటే గానీ గిట్టదనుకున్న ఆ ప్రాజెక్టు రూపకల్పనను మార్చి, 35 డాలర్ల లోపు ధరకే గిట్టేలా చేశామని నార్వే చమురు కంపెనీ ఈక్వినార్ ప్రకటించింది. ఆర్కిటిక్ చమురంతా ఖరీదైనదే అనడం సరికాదని ఇది చెబుతోంది.

అలాస్కా ఉత్తర కొసన ఉన్న నార్త్ స్లోప్ ప్రాంతం వేరు. అక్కడ తవ్వేది నేల మీద. ప్రూడో బే క్షేత్రం 1968లో బయటపడింది, 1977లో దక్షిణాన వాల్డీజ్ రేవు దాకా 1,287 కిలోమీటర్ల పైపులైను వేశారు. 1988లో రోజుకు 20 లక్షల బ్యారెళ్లు పారిన ఆ పైపులో ఇప్పుడు పావువంతు కూడా పారడం లేదు. పైపులైను ఖాళీగా ఉంది, కొత్త క్షేత్రం కలిపితే ఖర్చు కలిసొస్తుందన్నది విల్లో వెనకున్న లెక్క. వ్యాపారపరంగా అర్థవంతమైన లెక్కే. కానీ అది పెద్ద సరుకు కాదు: గరిష్ఠంగా రోజుకు 1,80,000 బ్యారెళ్లు, 30 ఏళ్లలో మొత్తం 60 కోట్లు. ప్రపంచానికి ఆరు రోజుల వాడకం. దాన్ని మండిస్తే దాదాపు 24 కోట్ల టన్నుల కర్బన ఉద్గారాలని అమెరికా ప్రభుత్వ పర్యావరణ నివేదికే తేల్చింది.

మూడోది మంచు తేలే సముద్రాలు: చుక్చీ, బ్యూఫోర్ట్, పెచోరా. 2008 సర్వే లెక్క ప్రకారం ఆర్కిటిక్‌లో దొరకని చమురు, గ్యాస్‌లో 84 శాతం సముద్రం అడుగునే ఉంది, కాబట్టి 'ఆర్కిటిక్ నిల్వలు' అన్నప్పుడు ఎక్కువగా మాట్లాడుతున్నది నీటి కింది నిల్వల గురించే. షెల్ కంపెనీ అలాస్కా తీరంలో దాదాపు 700 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, 2015లో చుక్చీ సముద్రంలో ఒక బావి తవ్వి, చాలినంత చమురు లేదని ఆ సెప్టెంబర్‌లో వెనుదిరిగింది. అంతకుముందు 2012 డిసెంబర్ 31న ఆ కంపెనీ తవ్వక నౌక కల్లక్‌ను తుపానులో లాగుకెళ్తుంటే తాళ్లు తెగి, అది అలాస్కా తీరంలో ఒక దీవికి కొట్టుకుపోయింది. అంత డబ్బూ అంత అనుభవమూ ఉన్న కంపెనీ పరిస్థితి అది.

దక్షిణ ధ్రువం సంగతి తేలికగా తేలిపోతుంది. 1991లో సంతకాలై 1998లో అమల్లోకి వచ్చిన మాడ్రిడ్ ఒప్పందం అంటార్కిటికాలో శాస్త్ర పరిశోధనకు తప్ప ఖనిజాల తవ్వకాన్ని పూర్తిగా నిషేధించింది. 2048లో ఈ నిషేధం ముగిసిపోతుందని తరచూ వినిపిస్తుంటుంది, అది నిజం కాదు. ఆ ఏడాది తర్వాత సమీక్ష కోరే వీలు తేలికవుతుంది, అంతే.

చమురు ఒలికితే

మెక్సికో సింధుశాఖలో 2010 ఏప్రిల్‌లో డీప్‌వాటర్ హొరైజన్ అనే చమురు తవ్వక వేదిక పేలినప్పుడు చుట్టుపక్కల రేవులు, ఓడలు, విమానాశ్రయాలు, వేలాది మనుషులు అందుబాటులో ఉన్నారు. అయినా చమురు ధారను ఆపడానికి 87 రోజులు పట్టింది. బావిని శాశ్వతంగా మూసేందుకు పక్కనుంచి తవ్విన ఇంకో బావి మే నెలలో మొదలై సెప్టెంబర్‌లో గానీ పూర్తి కాలేదు. బయటికొచ్చిన చమురులో నీటి మీద నుంచి తోడగలిగింది సుమారు మూడు శాతం, కాల్చింది ఐదు శాతం అని అమెరికా ప్రభుత్వం అంచనా వేసింది.

ఇదే చుక్చీలో జరిగిందనుకోండి. అక్కడ మంచు లేని కాలం మూడు నెలలకు అటూ ఇటూ. ప్రమాదం ఆగస్టు చివర్లో జరిగితే పక్క బావి పూర్తయ్యేలోపే సముద్రం గడ్డకట్టేస్తుంది, చమురు మంచు కింద వసంతం దాకా పారుతూనే ఉంటుంది. తీర రక్షక దళపు పెద్ద స్థావరం కోడియాక్ అక్కడికి దాదాపు 1,600 కిలోమీటర్ల దూరం. మంచు పలకల కింద చేరిన చమురును పెద్ద ఎత్తున తోడగలిగిన పద్ధతి ఇప్పటిదాకా ఎవరి దగ్గరా లేదు. తవ్వకానికి అనుమతి అడిగే ఎవరికైనా మొదట వేయాల్సిన ప్రశ్న ఇదే, దీనికి సరైన జవాబు రానంతవరకు మిగతా లెక్కలు చూడనక్కర్లేదని నేను గట్టిగా నమ్ముతాను.

1989 మార్చి 24న ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నుంచి అలాస్కాలోని ప్రిన్స్ విలియం సౌండ్‌లో ఒలికిన చమురు 2,000 కిలోమీటర్లకు పైగా తీరాన్ని పాడుచేసింది. అది గడ్డకట్టే సముద్రం కూడా కాదు. పాతికేళ్ల తర్వాత అక్కడి తీరంలో రాళ్ల కింద తవ్వినా ఇంకా చమురు కనిపించింది. చల్లటి నీళ్లలో, గాలి తగలని ఇసుకలో చమురును తినే సూక్ష్మజీవులు నెమ్మదిగా పనిచేస్తాయి. చలి పెరిగేకొద్దీ ఆ వేగం ఇంకా తగ్గుతుంది.

నేల మీద తవ్వితే ఈ భయం తక్కువ, కానీ అక్కడ నేలే కదులుతోంది. 1979 నుంచి ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేల కరుగుతోంది. 2020 మేలో రష్యాలోని నొరిల్స్క్ దగ్గర ఒక ఇంధన ట్యాంకు కూలి సుమారు 21,000 టన్నుల డీజిల్ నేలలోకీ నదుల్లోకీ పారింది; కింద నేల కుంగడమే కారణమని యాజమాన్యం చెప్పింది. అలాస్కా పైపులైనులో సగానికి పైగా నేలకు పైన స్తంభాల మీద నడుస్తుంది, చాలా స్తంభాల్లో నేలను చల్లగా ఉంచే అమ్మోనియా గొట్టాలు ఉంటాయి. విల్లోలో కూడా కరుగుతున్న నేలను మళ్లీ గడ్డకట్టించే పరికరాలు వాడతామన్నారు. భూమిని వేడెక్కించే సరుకును తీయడానికి ఆ వేడికి కరిగే నేలను పరికరాలు పెట్టి చల్లబరచాల్సి వస్తోందంటే ఈ వ్యాపారం ఎంత ఇరుకున పడిందో తెలుస్తుంది.

స్వచ్ఛ ఇంధనపు లోపాలు కూడా

ధర విషయంలో వాదన దాదాపు ముగిసింది. 2010లో పెద్ద సోలార్ ప్లాంట్ల కరెంటు ఖర్చు యూనిట్‌కు 40 సెంట్ల పైమాటే. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ లెక్క ప్రకారం 2023 నాటికి అది 4.4 సెంట్లకు, నేల మీది గాలిమరల కరెంటు 3.3 సెంట్లకు దిగొచ్చాయి. బ్యాటరీల ధర కూడా అదే కాలంలో పదోవంతు దరిదాపులకు పడిపోయింది. చమురు ధర పదిహేనేళ్లలో అలా ఎప్పుడూ తగ్గలేదు, తగ్గదు కూడా. తేలిగ్గా దొరికేది ముందు తీసేస్తాం కాబట్టి చమురు కోసం రానురాను కష్టమైన చోటికే వెళ్లాలి. ప్యానెళ్లు, బ్యాటరీలు ఫ్యాక్టరీ సరుకు, ఎంత ఎక్కువ చేస్తే అంత చవక.

అయితే యూనిట్ ధర చూసి మోసపోకూడదు. రాత్రి కరెంటు, గాలి ఆగిన వారం కరెంటు విడిగా కొనుక్కోవాలి: బ్యాటరీ, జలవిద్యుత్తు, దూరప్రాంతాలను కలిపే లైన్లు. ఈ ఖర్చులు కలిపిన లెక్క అడగాలి. ప్యానెళ్ల తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా చైనాలోనే జరుగుతోంది. బ్యాటరీల్లో వాడే కోబాల్ట్‌లో అధిక భాగం కాంగో నుంచి వస్తుంది, అక్కడి గనుల్లో పిల్లలు కూడా పనిచేసిన దాఖలాలు ఉన్నాయి. ఇవి చిన్న విషయాలు కావు. ఒక తేడా మాత్రం ఉంది. చమురును ప్రతిరోజూ కొత్తగా కొనాలి, కాల్చాక మిగిలేదేమీ లేదు. బ్యాటరీలోని లోహం ఒకసారి కొంటే పదేళ్లు పైన పనిచేస్తుంది, తర్వాత కరిగించి మళ్లీ వాడుకోవచ్చు.

స్వచ్ఛం అన్నంత మాత్రాన న్యాయం అయిపోదు. నార్వేలోని ఫోసెన్‌లో గాలిమరలు పెట్టినప్పుడు రెయిన్‌డీర్లను మేపుకునే సామి ప్రజల హక్కులకు భంగం కలిగిందని ఆ దేశ సుప్రీంకోర్టు 2021 అక్టోబర్‌లో తీర్పు చెప్పింది. అప్పటికే 151 గాలిమరలు నిలబడి తిరుగుతున్నాయి. మేత భూములున్న చోట ముందు అడిగి, ఒప్పుకుంటేనే కట్టాలి. చమురు కంపెనీని అడిగే ప్రశ్నలన్నీ గాలిమరల కంపెనీని కూడా అడగాలి.

గ్యాస్ మాటేమిటంటే, బొగ్గు స్థానంలో వాడితే కొంత మేలు. కానీ బావి నుంచి ఓడ దాకా ఎక్కడ కొంచెం లీకైనా ఆ మేలు కరిగిపోతుంది. ఇరవై ఏళ్ల లెక్కన, ఆ గ్యాస్‌లో ప్రధానంగా ఉండే మీథేన్ వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ. అణు విద్యుత్తు ధ్రువంలో పనిచేస్తుందని పెవెక్ రేవులో 2020 నుంచి నడుస్తున్న రష్యా తేలే అణుకేంద్రం చూపించింది, అయితే సోలార్ లాగే అదీ నేరుగా కారు నడపదు, లారీ నడపదు; విద్యుత్ బండ్లు ఉంటేనే చమురుకు బదులవుతుంది.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

ఇప్పటికే చమురు మీద బతుకుతున్న ప్రాంతమైతే, ఉన్న బావులను పొదుపుగా, లీకులు కట్టేసి నడపండి, కొత్త సముద్రాలు తెరవొద్దు. మాట తేలికే, పని కష్టం. అలాస్కా నార్త్ స్లోప్‌లో బడులు, ఆసుపత్రులు, నీటి సరఫరా చమురు పన్నుల మీదే నిలబడ్డాయి. అక్కడి ఆదివాసులైన ఇనుపియాట్ ప్రజల నాయకుల్లో చాలామంది విల్లోకు మద్దతిచ్చింది అందుకే; ప్రాజెక్టుకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న నుయిక్సుట్ పట్టణ నాయకత్వం మాత్రం వ్యతిరేకించింది. తూర్పున గ్విచిన్ ఆదివాసులు కారిబూ (అడవి రెయిన్‌డీర్) మందలు ఈనే నేలను తవ్వొద్దని దశాబ్దాలుగా పోరాడుతున్నారు. తవ్వకం ఆపమనేవాళ్లు ఆ పన్నుల ఆదాయం ఎక్కడి నుంచి రావాలో కూడా చెప్పాలి. నార్వే, అలాస్కా చమురు డబ్బును నిధిగా కూడబెట్టాయి. ఆ నిధిలోంచే ముందుగా ఈ ఊళ్లకు వాటా కేటాయించడం నాకు తోచిన న్యాయమైన దారి.

పెట్టుబడి పెట్టే సంస్థలైతే రాజకీయాలను కూడా ఖర్చులో కలుపుకోవాలి. అమెరికా ఆర్కిటిక్ జలాలను 2016లో మూశారు, 2017లో తెరవమన్నారు, 2021లో మళ్లీ మూశారు, 2025లో మళ్లీ తెరిచారు. ముప్పై ఏళ్ల ప్రాజెక్టుకు నాలుగేళ్లకోసారి నియమాలు మారితే ఎవరు నిలబడతారు? అలాస్కాలోని ఆర్కిటిక్ వన్యప్రాణి అభయారణ్యంలో 2021 జనవరిలో లీజుల వేలం పెడితే పెద్ద చమురు కంపెనీ ఒక్కటీ రాలేదు, మొత్తం వచ్చింది 1.44 కోట్ల డాలర్లు. 2025 జనవరి వేలంలో ఒక్క బిడ్ కూడా పడలేదు. 2021లో గ్రీన్‌లాండ్ కొత్త అన్వేషణ అనుమతులే ఇవ్వబోనని ప్రకటించింది.

ఇంధనం దిగుమతి చేసుకునే ప్రభుత్వమైతే మొదటి డబ్బు బస్సులకు, లారీలకు, రెండు చక్రాల బండ్లకు, గ్రిడ్‌కు పోవాలి. చమురు బిల్లు తగ్గేది అక్కడే. విమానాలకు, సముద్రాలు దాటే ఓడలకు ఇంకా చవకైన ప్రత్యామ్నాయం లేదు, ఉన్నట్టు చెప్పడం నిజాయితీ కాదు. వాటికి కొన్నేళ్లు చమురే కావాలి. రోడ్డు మీది బండ్లు వాడకం తగ్గిస్తే మిగిలే చమురు వాటికి సరిపోతుంది, దానికోసం మంచు సముద్రం తవ్వనక్కర్లేదు.

ఇక ధ్రువ ప్రాంతంలోనే బతికే ఊళ్లు. వాటికి ఇది దూరపు చర్చ కాదు. డీజిల్ ఓడలోనో విమానంలోనో రావాలి, బిల్లు మోయలేనంత ఉంటుంది. అలాస్కాలో ఆర్కిటిక్ వలయం పైనున్న కోట్జెబ్యూ 1997 నుంచి గాలిమరలు తిప్పుతోంది. కెనడాలోని యూకాన్‌లో, రోడ్డు కూడా లేని ఓల్డ్ క్రో అనే ఊళ్లో వుంటుట్ గ్విచిన్ ప్రజలు 2021లో సోలార్ ప్లాంటు పెట్టుకున్నారు. అది వాళ్ల సొంతం, కరెంటును విద్యుత్ సంస్థకు అమ్ముతారు. సూర్యుడు అస్తమించని వేసవిలో డీజిల్ జనరేటర్లను ఆపేయగలుగుతున్నారు, సూర్యుడు కనిపించని చలికాలంలో మళ్లీ డీజిలే. ఇలాంటి ఊరు ఏదైనా మొదలుపెట్టాలనుకుంటే వరస ఇది: ముందు ఇళ్ల గోడలు, కిటికీలు చలి చొరకుండా బిగించాలి, ఎందుకంటే అక్కడ ఎక్కువ ఇంధనం పోయేది దీపాలకు కాదు, వేడికి. తర్వాత గాలి బాగా వీచే చోట గాలిమర, ఎందుకంటే అది చీకటి నెలల్లోనూ తిరుగుతుంది. దాని పక్కన బ్యాటరీ, వేసవికి సోలార్. డీజిల్ జనరేటర్‌ను మాత్రం తీసేయకుండా, చలికాలం కోసం మంచి స్థితిలో ఉంచుకోవాలి.